నల్లబడ్డ పటం, ఆక్సిజన్ నీళ్లు

ఆగస్టు 3

ఇంటికి చేరాను. కైరో నుంచి మిన్యా దాకా రైలు, అక్కణ్ణుంచి మా ఊరికి మైక్రోబస్సు. దారి పొడవునా ఐసు డబ్బా ఒళ్లోనే పెట్టుకున్నాను. పక్క సీటు ఆవిడ రెండుసార్లు అడిగింది, చేపలా అని. మందు అన్నాను. అప్పటినుంచి జాలిగా చూసింది.

సాయంత్రం చర్చి పక్క గదిలో పటాన్ని బల్ల మీద పడుకోబెట్టి చూశాను. మరియ తల్లి నీలం పైట, బంగారు అంచు నిన్న వేసినట్టున్నాయి. ముఖం మాత్రం పెనం అడుగులా ఉంది. ఒళ్లో బాల యేసు ముఖం, చేతులు, పాదాలు కూడా అంతే. చిత్రకారుడు తెల్ల రంగు ఎక్కడెక్కడ వాడాడో అక్కడల్లా నలుపు. ఇరవై రెండున పండగ. ఆలోపు బాగుచెయ్యగలవా అని మా చర్చి ఫాదర్ అబూనా విస్సా అడిగాడు. చూస్తానన్నాను.

బాగుచెయ్యడానికి ఏ పటం చేతికొచ్చినా ముందు దాని చరిత్ర రాసుకోవడం నాకు అలవాటు. దీనిది కూడా రాసి పక్కన పెడతాను, పనికి అడ్డం రాకుండా.

1987 వసంతం. మా తమ్ముడు అబానూబ్, ఐదేళ్లవాడు, పశువుల కొట్టంలో తుప్పు మేకు తొక్కాడు. అమ్మ ఊళ్లో లేదు, పిన్ని పురిటికి వెళ్లింది. ఊరి నర్సు సిత్ ఇన్సాఫ్, అంటే ఇన్సాఫ్‌గారు, వచ్చి కట్టు కట్టింది. తొమ్మిదో రోజుకి దవడలు బిగుసుకుపోయి, ధనుర్వాతంతో పోయాడు. గాయం కడక్కుండా గుడ్డ చుట్టి వెళ్లిపోయిందని నాన్న అన్నాడు. ఆక్సిజన్ నీళ్లు, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, పోసి కడిగానని, వెంటనే పట్నం తీసుకెళ్లి సూది వేయించమన్నానని ఆమె అంది. వాడు పోయిన మూడో రోజు ప్రార్థన అయ్యాక అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని చర్చికి లాక్కెళ్లింది. పటం మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యమంది. చేసింది. ఆ రోజు శుక్రవారం. ఆదివారం తలుపులు తీసేసరికి తల్లి ముఖం నల్లబడి ఉంది. ఊరంతా చూసింది. సాక్ష్యం చాలనుకుంది.

అప్పటినుంచి ఇన్సాఫ్ చర్చి గడప దాటలేదు. దాటొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

నాకప్పుడు ఏడేళ్లు. ఏమీ గుర్తులేదు.

ఆగస్టు 4, ఆదివారం

ఇన్సాఫ్ గడప అవతలే నిలబడింది. డెబ్బై రెండేళ్లు. మూడు గంటల పూజ. ఎండ ఆమె మీదే ఉంది.

ఆగస్టు 6

భూతద్దం కింద చూశాను. అనుకున్నదే. సీసం తెలుపు. నూనె లేకుండా, గుడ్డు సొనలో కలిపి వేశాడు. పైన వార్నీషు లేదు, ఏనాడో ఎవరో భక్తి ఎక్కువై సబ్బుతో తోమేశారు. అలాంటి తెలుపుకి గంధకపు గాలి తగిలితే నల్లబడుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వేసే గాలి.

అబూనా విస్సా నాకంటే పదేళ్లు చిన్న. ఏదైనా అర్థమయ్యేదాకా వదలడు.

"తక్లా, ఇది మసి కదా?"

"మసైతే తుడిచేసి ఈపాటికి రైలెక్కేదాన్ని అబూనా. ఇది రంగే. తెల్ల రంగే ఇలా మారింది."

"గీకేద్దామా?"

"గీకితే ముఖమే పోతుంది. ఆక్సిజన్ నీళ్లతో చెయ్యాలి."

"ఆక్సిజన్ నీళ్లంటే... మా మరదలు పెళ్లికి ముందు జుట్టుకి రాసుకుని మొక్కజొన్న పీచు చేసుకుందే, అదా?"

"అదే. నాది ఇంకొంచెం ఘాటు."

గడ్డం పట్టుకుని నవ్వాడు. "దేవుడి తల్లికి సెలూన్ మందా! బిషప్‌గారికి చెప్పకు, నేనే మెల్లగా చెప్తాను."

ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందని అడిగాడు. పాత పటాలకి ఇవన్నీ మామూలే అన్నాను. పటం వేలాడేది ఉత్తరం కిటికీ పక్కన. కిటికీ కింద మురుగు కాలవ. కాలవకి ఇవతల మా పెరడు. ఇందులో రాయడానికేమీ లేదు.

సీసా మా ఫ్రిజ్‌లోనే పెట్టాలి, ఈ ఎండకి బయటుంటే దాని సత్తువ పోతుంది. అమ్మ ఫ్రిజ్ తీసి అడిగింది.

"ఇదేంటే?"

"మందు."

"ఎవరికి?"

"పటానికి."

అమ్మ ఉప్పు చేపల డబ్బా తీసుకెళ్లి కింది అరలో పెట్టింది. అది సీసాకి దూరం.

ఆగస్టు 7

మరియ తల్లి ఉపవాసాలు మొదలయ్యాయి. పొద్దున్నా సాయంత్రం బాకలా చిక్కుళ్లే. పని మొదలుపెట్టలేదు. వెలుతురు బాగాలేదు.

ఆగస్టు మాసంలో మిన్యాలో వెలుతురు బాగాలేదట. రాసి చూసుకుంటే నాకే నవ్వొస్తోంది.

ఆగస్టు 9

మొదలుపెట్టాను.

ఎవరి కంటా పడని చోట మొదలుపెట్టాలి. బాల యేసు ఎడమ పాదం చిటికెన వేలు ఎంచుకున్నాను. అంచున ఉంది, చెడినా తెలియదు. అందుకే ఎంచుకున్నాను, ఇంకే కారణమూ లేదు.

మందుని స్పిరిట్‌లో పలచన చేశాను. మూడు వెంట్రుకల కుంచె. చుక్క పెట్టాను. ఏమీ కాలేదు. అబూనా నా భుజం మీదుగా ఊపిరి వదులుతున్నాడు. ముప్పై లెక్కపెట్టాను. ఇంకో చుక్క. అంచు దగ్గర నలుపు గోధుమరంగుకి తిరిగింది. ఆ గోధుమ మెల్లగా పలచబడింది. తర్వాత ఒక్కసారిగా అక్కడ ఒక వేలుంది. పసివాడి కాలి వేలు, గోరుతో సహా. ఆ గోటికి కూడా చిత్రకారుడు సన్నటి నెలవంక గీశాడు. రెండు వందల యాభై ఏళ్ల క్రితం, ఎవరు చూస్తారని గీశాడో.

పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ప్రతిసారీ నోరు తెరుచుకునే ఉండిపోతాను. నేను దేన్నీ తుడవలేదు, తియ్యలేదు, కొత్తగా రంగు వెయ్యలేదు. నలుపు ఎక్కడికీ పోలేదు. ఆ నలుపే తెల్లబడింది. నిజానికి అది పాత తెలుపు కూడా కాదు, వేరే తెలుపు, కానీ కంటికి తేడా తెలియదు, పైగా ఇక నల్లబడదు.

ఇంతా చేసి అవి నీళ్లే. నీళ్లలో ఉండాల్సినదానికంటే ఒక ఊపిరి ఎక్కువ ఉంది, అంతే. ఆ ఎక్కువదాన్ని ఉంచుకోలేవు. నెత్తురు తగిలితే నెత్తురుకి, జుట్టు తగిలితే జుట్టుకి, సీసం తగిలితే సీసానికి ఇచ్చేస్తాయి. ఇచ్చేశాక మామూలు నీళ్లు, తాగే నీళ్లకీ వాటికీ తేడా ఉండదు. కాలేజీలో మొదటిసారి ఇది చదివిన రోజు నేను అన్నం తినలేదు. ఎందుకో ఇక్కడ రాయను.

అబూనా ఏడ్చాడు. సిలువ గీసుకుని, "ఎవరికీ చెప్పను, పండగ దాకా" అన్నాడు. సరిగ్గా ఇంటి దాకా ఆగాడు.

ఆగస్టు 10

పొద్దున్నే గది కిటికీ నిండా ఆడవాళ్లు. చూడనిచ్చేదాకా కదలం అన్నారు. చిటికెన వేలు చూపించాను. అబూనా పిన్ని బహీగా అక్కడే కూలబడింది.

తర్వాత అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"మా పెద్దదాని చెవిలో గులిమి గట్టిపడితే ఇవే పోశాను. బుసబుసమని అంతా బయటికొచ్చింది."

"బలిపీఠం గుడ్డ మీద నెత్తురు చుక్క పడితే? ఇంకెన్ని సబ్బులు వేసినా పోతుందా? ఇవి పొయ్యగానే పొంగి పోయింది."

"నువ్వు నీ మీసానికి రాసుకోవూ? అది చెప్పు!"

"నీ మొగుడు చెప్పాడా నీకు?"

నవ్వులు. నేనూ నవ్వాను. అప్పుడు బహీగా పిన్ని కింద కూర్చునే అంది. "మరియ తల్లి ఇన్సాఫ్‌ని క్షమించింది."

అందరూ నెమ్మదిగా తలలూపారు. నిజమే, క్షమించింది. ముప్పై రెండేళ్లు నిలబెట్టి, చివరికి క్షమించింది. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

ఇది రంగు పని, దీనికీ దానికీ సంబంధం లేదని చెప్పాల్సింది. కుంచె కడుగుతూ ఉండిపోయాను.

ఆగస్టు 11, ఆదివారం

అమ్మ మాట్లాడటం మానేసింది. మధ్యాహ్నం మాట్లాడింది.

"ఆ ముఖం జోలికి పోకు."

"పాదాలు అయిపోయాయమ్మా. చేతులు సగం అయ్యాయి."

"చేతులు చేసుకో. ముఖం వదిలెయ్."

"ముఖం నల్లగా, కాళ్లు తెల్లగా ఉంటే ఏం బాగుంటుంది?"

"బాగుండటానికేనా?" చేతిలో గరిటె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉంది. "ఆ ఇన్సాఫ్ కడిగిందని ఆ తల్లి అంటే, సూది మాట చెప్పిందని అంటే, మరి నా కొడుకుని ఎవరు చంపారే?"

ఊళ్లో అమ్మని ఇప్పటికీ అబానూబ్ అమ్మ అనే పిలుస్తారు. తక్లా అమ్మ అని ఒక్కరూ పిలవరు. నేను బతికే ఉన్నాను, అయినా.

ఆగస్టు 12

పని చెయ్యలేదు. తలనొప్పి.

ఆగస్టు 13

సన్న కత్తి వేలి మీద జారింది. పెద్ద గాయమేం కాదు. చర్చి ఎదురుగానే మందుల షాపుంది. నేను వెనక సందులోంచి ఇన్సాఫ్ ఇంటికి వెళ్లాను.

ఆ సందు సంగతి పిల్లలందరికీ తెలుసు. మోకాళ్లు పగిలినవాళ్లు, మేకులు తొక్కినవాళ్లు తల్లులకి తెలియకుండా అక్కడికే పోతారు. తల్లులకీ తెలుసు. మా ఊళ్లో తెలిసీ తెలియనట్టు ఉండటం అందరికీ వచ్చిన విద్య.

"ఎవరది?"

"నేనే, తక్లాని."

"షెహాతా కూతురివా? రా, వెలుగులోకి. చెయ్యి చూపించు."

గోధుమరంగు సీసా అరలోంచి తీసింది. వేలి మీద పోసింది. పొంగింది. తెల్లగా, చిన్న చప్పుడుతో, గాయం పెదవుల మధ్యలోంచి పైకి లేచింది. నేను చూస్తూ ఉండిపోయాను. రోజూ చేసే పనే, అయినా సొంత నెత్తురులోంచి ఆ నురగ లేవడం చూస్తే ఒళ్లు జలదరించింది.

"మండుతోందా?"

"లేదు."

"మండదు. కానీ ఇవి పోశాం కదా అని ధీమాగా కూర్చోకూడదమ్మాయ్. పైపైన కడుగుతాయంతే. లోపలికి వెళ్లింది లోపలే ఉంటుంది. పట్నం వెళ్లి సూది..."

ఆగిపోయింది. ఇద్దరం నురగ వంకే చూశాం.

"ఊళ్లో అనుకుంటున్నారు" అన్నాను. "మరియ తల్లి మిమ్మల్ని క్షమించిందని."

"దేనికట?"

కట్టు గుడ్డ అందించాను.

"నా ముఖం పుట్టుకతోనే నలుపు. అది ఏ అబద్ధానికొచ్చిందో కూడా కనుక్కోమను." కట్టు కట్టి ముడి వేసింది. చేతులు అస్సలు వణకలేదు.

"మీకు కోపం రాలేదా, అత్తా?"

"ఎందుకు రాదు? మొదటి పదేళ్లు కోపం. తర్వాత మోకాళ్ల నొప్పులు. రెండూ ఒకేసారి మొయ్యలేకపోయాను."

లేవబోయాను. నా వేలు వదల్లేదు.

"ఆ రోజు నువ్వు మేడ మీదున్నావు. పావురాల గూటి పక్కన. ఎర్ర గౌను."

అడిగాను. "మరి నా పేరు ఎందుకు చెప్పలేదు? అందరూ నిలదీసినప్పుడు? ఒక్క మాట అంటే చాలు కదా!"

"అంటే? నిన్ను పిలుస్తారు. చూశానంటావు. అప్పుడు మీ నాన్న అబద్ధాలకోరు. ఏడేళ్ల పిల్లవి, మళ్లీ ఆ ఇంట్లోనే కదే నువ్వు పడుకోవాలి."

ఇంతకంటే పెద్ద అద్భుతం నేను అద్దం కింద ఎన్నడూ చూడలేదు. ముప్పై రెండేళ్లు ఎండలో నిలబడింది, నేను మా ఇంట్లో నిద్రపోవడానికి.

ఆగస్టు 14

ఏమీ గుర్తులేదని రాశాను. అది అబద్ధం. అన్నీ గుర్తున్నాయి.

మేడ మీద నుంచి వాకిలి మొత్తం కనిపిస్తుంది. తమ్ముడు ఆమె ఒళ్లో ఉన్నాడు. ఆమె సీసా వంచింది. వాడి పాదం తెల్లగా పొంగింది. వాడేం అన్నాడో నాకు వినపడలేదు, పావురాల రొద. ఆమె కడిగింది, మళ్లీ పోసింది, మళ్లీ కడిగింది, మూడుసార్లు. కట్టు కట్టింది. లేచి నిలబడి నాన్నతో మాట్లాడింది. ఆమెది పెద్ద గొంతు, అది వినపడింది.

"షెహాతా, ఇప్పుడే బయల్దేరు. ఇక్కడ సూది లేదు. మిన్యా పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. ఇవాళే. వింటున్నావా?"

"పొయ్యి మీద మందు ఉడుకుతోంది. ద్రాక్ష తీగలకి బూజు పట్టింది, ఇవాళ కొట్టకపోతే పంట పోతుంది. రేపు తీసుకెళ్తాలే."

పొయ్యి మీద పెద్ద ఇనప గుండిగ. అందులో గంధకం, సున్నం. ఊళ్లో అందరూ కాచేదే. మర్నాడు తమ్ముడు కట్టుతోనే కోడిపిల్లల వెంట పరిగెత్తాడు. ఇంకెందుకులే అనుకున్నాడు నాన్న. ఆ తర్వాతి రోజూ అంతే.

నాన్న చెడ్డవాడు కాదు. ఇది రాయకుండా ఉండలేను. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తోటంతా తిప్పేవాడు. 'రేపు' అన్నాడు, అంతే. అందరం అంటాం.

ప్రమాణం జరిగిన శుక్రవారం చర్చి నుంచి ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ గుండిగ ఎత్తాడు. ఇంకా సగం ఉంది. చర్చి గోడ కింది కాలవలో ఒంపేశాడు. అక్కడ ఆడవాళ్లు ఊరగాయల పుల్లనీళ్లు పారబోసేవాళ్లు. రెండూ కలిసి ఎంత కంపు కొట్టిందంటే మా మేనత్తలు మూడు వీధుల అవతలికి వెళ్లి కూర్చున్నారు. చర్చి తలుపులు ఆదివారం దాకా మూసే ఉన్నాయి. కిటికీకి అద్దం లేదు.

ముఖాన్ని నల్లబరిచింది ఆ కంపేనని నాకు కాలేజీ రెండో ఏట తెలిసింది. సీసం తెలుపు, గంధకపు గాలి అని పంతులుగారు బోర్డు మీద రాస్తుంటే. ఆ రోజే అన్నం తినలేదు. అంటే పంతొమ్మిదేళ్లుగా తెలుసు. మేడ మీద చూసింది ముప్పై రెండేళ్లుగా తెలుసు. రెండూ తెలిసి కైరోలో కూర్చుని ఊరూరి పటాలన్నీ బాగుచేశాను, ఇదొక్కటి తప్ప.

తమ్ముణ్ణి పాతిపెట్టిన సాయంత్రం నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు. "ఆ రోజు నువ్వు మేడ మీదున్నావా?" అన్నాడు. "లేను నాన్నా" అన్నాను. తల నిమిరాడు. "మంచిపిల్ల" అన్నాడు. దాని గురించి మేమిద్దరం మాట్లాడింది అంతే. మూడేళ్ల క్రితం ఆయన పోయేదాకా ఇంకో మాట లేదు.

ఆగస్టు 17

ముఖం తెరిచాను. మూడు రోజులు పట్టింది. నుదురు, ముక్కు, పెదవులు. కళ్లు చివర్లో.

ఎడమ కన్ను తెల్లబడుతున్నప్పుడు నేను కుర్చీ వెనక్కి జరిపేశాను. ఆమె నన్నే చూస్తోంది. నేను పుట్టాక ఏడేళ్లు ఆ కళ్లని చూశాను, కానీ మర్చిపోయాను. కోపం లేదు ఆ కళ్లలో, తీర్పు లేదు. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్న ఏ తల్లికైనా ఉండే భయం మాత్రం ఉంది. చేతులు జోడించాను. ఇంత చదివి, ఇది సీసం అని తెలిసి కూడా.

ఆగస్టు 18, ఆదివారం

అబూనా ఉత్సాహంలో ఉన్నాడు. పండగ రోజు ఊరేగింపు అయ్యాక ఇన్సాఫ్‌ని పేరు పెట్టి పిలుస్తాడట. తల్లి నిన్ను క్షమించింది, లోపలికి రా అంటాడట.

"క్షమించడం కాదు అబూనా. ఇది రసాయనం."

"రసాయనం మాత్రం ఎవరు చేశారు?"

"ఆమె తప్పే చెయ్యకపోతే?"

మంచి మనిషి, కానీ పండగ తొందరలో ఉన్నాడు. "తక్లా, అది తేల్చేవాళ్లెవరూ ఇప్పుడు లేరు. మీ నాన్న పోయాడు. ముసలావిడ లోపలికొస్తే చాలు కదా? ఏ తలుపు తెరిస్తే ఏం?"

చాలేమో. ఆమె లోపలికొస్తుంది, నాన్న పేరు చెడదు, అమ్మ గుండె పగలదు. అందరికీ మంచిదే.

ఆగస్టు 19

అందరికీ మంచిదే అని నిన్న రాశాను. చదివితే ఏడేళ్ల పిల్ల రాసినట్టుంది.

ఆగస్టు 20

అమ్మకి చెప్పేశాను.

కూరకి ములుఖియా ఆకు దూస్తోంది. నేనూ ఎదురుగా కూర్చుని దూస్తూ చెప్పాను. మేడ, పావురాలు, మూడుసార్లు కడగడం, సూది మాట, రేపు అన్న మాట, గుండిగ, కాలవ. అమ్మ చేతులు ఆగలేదు. కాడలు ఒకపక్క, ఆకులు ఒకపక్క. మొత్తం అయిపోయింది.

"ఆ రోజు నుంచి చచ్చేదాకా మీ నాన్న ఒక్క ద్రాక్షపండు నోట్లో పెట్టలేదు. తోట మనది. నేనెప్పుడైనా ఎందుకని అడిగానా?"

"ఎందుకడగలేదమ్మా?"

"అడిగితే చెప్తాడేమోనని."

ఆకులు ఎత్తుకుని లోపలికి వెళ్లింది. వంట చెయ్యలేదు.

ఆగస్టు 21

అమ్మ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఆమెకి నేనేం తీసిపోలేదు.

ఆగస్టు 22

రాత్రి చాలా అయింది. అయినా రాస్తాను.

చర్చి కిటకిటలాడింది. పటాన్ని ఎత్తి మూడుసార్లు తిప్పారు. తల్లి ముఖం కనపడగానే లేచిన కేక లాంటిది నా జీవితంలో వినలేదు. ముసలివాళ్లు పిల్లల్లా ఏడ్చారు. మగవాళ్లు దీపాల మీద పడబోయారు. ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ మోగించిన జగారీతకి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. నేనే చేశాను ఆ పని, ఏ చుక్క ఎక్కడ పెట్టానో తెలుసు, అయినా అందరితోపాటు నా ఒళ్లూ ఝల్లుమంది.

అబూనా గుమ్మం దగ్గరికి వెళ్లాడు. "సిత్ ఇన్సాఫ్! మరియ తల్లి మిమ్మల్ని క్షమించింది. లోపలికి రండి!"

మళ్లీ జగారీత. ఇన్సాఫ్ కదల్లేదు. చెయ్యెత్తింది, అందరూ ఆగేదాకా.

"నేను రాను అబూనా. మీ మాట తీసెయ్యడం కాదు. చెయ్యనిదానికి క్షమాపణ పుచ్చుకుంటే చేసినట్టేగా? ఇన్నేళ్లు నిలబడ్డాను, ఇంకో నాలుగేళ్లు నిలబడతాను."

లేచాను. "అబూనా, ఒక్క మాట" అన్నాను. తర్వాత చెప్పాను. పెద్దగా, అందరికీ వినపడేలా. ఆమె కడిగింది, నేను చూశాను. సూది వేయించమంది, నేను విన్నాను. రేపు అన్నది మా నాన్న. గంధకం పారబోసింది మా నాన్న. నోరు మూసుకుంది నేను. తల్లి ఎవరి మీదా సాక్ష్యం చెప్పలేదు. ఆమె ముఖానికి గాలి తగిలింది, అంతే.

బహీగా పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అబూనా ముఖం పాలిపోయింది.

ఆడవాళ్ల వరసలోంచి అమ్మ లేచింది. నా వైపు చూడలేదు. అందరి మధ్యలోంచి నడిచి గడప దాటింది. ఇన్సాఫ్ ఎదురుగా నిలబడింది. కాళ్లు పట్టుకుంటుందేమో అనుకున్నాను. ఇన్సాఫ్ కూడా అలాగే అనుకుందేమో, ఒక అడుగు వెనక్కి వేసింది.

అమ్మ అడిగింది. "కడిగేటప్పుడు వాడు ఏడ్చాడా?"

ముప్పై రెండేళ్లుగా ఆ ప్రశ్న అడగడానికి ఈ లోకంలో అమ్మకి ఒక్క మనిషే ఉంది. ఆ మనిషితోనే మాట్లాడలేదు. అది నాకప్పుడు తట్టింది.

"ఏడవలేదు" అంది ఇన్సాఫ్. "నవ్వాడు. నురగ చూసి నవ్వాడు. నా చెవిలో అన్నాడు, అమ్మని పిలు, నా కాలు పొంగిపోతోంది, పాలు పొంగితే అమ్మ ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది అని."

అమ్మ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపనుకున్నాను. నవ్వు. తర్వాత రెండూ. ఇన్సాఫ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది, పడిపోకుండా.

"ఇంకేమన్నాడు?" అంది అమ్మ.

"చాలా అన్నాడు. వాగుడుకాయ కదా నీ కొడుకు." ఇన్సాఫ్ అటూ ఇటూ చూసింది. "ఇక్కడ కాదు, నా కాళ్లు లాగుతున్నాయి. లోపల బల్ల మీద కూర్చుని చెప్తాను, పద."

అమ్మే ముందు గడప దాటింది, ఆమె చెయ్యి వదలకుండా.